ప్రింటు వెనక నాన్న రాసిన మూడు ప్రశ్నలు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి వైపు ఒక పల్లె. ఎంబీఏ చేసి ఈ ఏడాదే ఇంటికొచ్చాను. మాకు 10 ఎకరాలు, 2 బోర్లు. ఈ రబీకి ఏ పంట ఎన్ని ఎకరాలు వేయాలో ఎక్సెల్ సాల్వర్‌లో లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్క వేశాను, అంటే ఉన్న భూమి, నీళ్ళు, డబ్బు దాటకుండా ఎక్కువ మిగులు ఎలా వస్తుందో వెతికే లెక్క. ఎకరా వరికి 240 గంటల నీళ్ళు, 25,000 పెట్టుబడి, ఖర్చులు పోను మిగిలేది 24,000. ఎకరా వేరుశనగకు 120 గంటల నీళ్ళు, 30,000 పెట్టుబడి, మిగిలేది 18,000. రోజుకు 9 గంటల కరెంటు, 100 రోజులు, 2 బోర్లు కలిపి 1,800 గంటలు. చేతిలో డబ్బు 2,90,000. వరి 5, వేరుశనగ 5 ఎకరాలు, మొత్తం మిగులు 2,10,000 అని వచ్చింది. ప్రింటు తీసి నాన్నకిస్తే, వెనక్కి తిప్పి పెన్సిలుతో మూడు ముక్కలు రాసిచ్చారు: "పుట్టికి 2 వేలు తగ్గితే? బోరు తగ్గితే? మినుములేవి?" రేటు మారినప్పుడల్లా లెక్క మళ్ళీ వేయాలా? పక్క పొలం 2 ఎకరాలు ఎకరా 10,000 కౌలుకు ఇస్తామంటున్నారు, పంటయ్యాకే కట్టొచ్చట. సాల్వర్ రిపోర్టులో భూమి షాడో ప్రైస్ (ఇంకో ఎకరం ఉంటే పెరిగే మిగులు) 12,000 ఉంది కదా తీసుకుందామంటే నాన్న ఒప్పుకోవడం లేదు. పక్క బోరాయన గంటకు 70 రూపాయలకు నీళ్ళిస్తానంటున్నాడు. దానికి తోడు రిపోర్టులో 1ఇ+30 అనే అంకె చూసి, ఎక్కడో తప్పు చేశానని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పెన్సిలు రాత. డిగ్రీ కాలేజీలో ఇరవయ్యేళ్ళకు పైగా ఈ పాఠం చెప్పాను. ఆన్సర్ రాగానే కింద రెండు గీతలు కొట్టి పేపరు ఇచ్చేసే పిల్లలే ఎక్కువ. ఇచ్చిన అంకె మారితే ఏమవుతుందని అడిగిన పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మీ నాన్నగారు అడిగింది సరిగ్గా అదే, దాని పేరే సెన్సిటివిటీ ఎనాలిసిస్. ఆయన మీ లెక్కను తీసిపారేశారని అనుకోకండి. లెక్కలో సగం దగ్గర మీరు ఆగిపోతే, మిగతా సగం ఆయన అడిగారు.

ముందు టెన్షన్ తీరుస్తాను. 1ఇ+30 తప్పేమీ కాదు. 1 పక్కన 30 సున్నాలని అర్థం, ఇక్కడ హద్దు లేదని చెప్పడానికి ఎక్సెల్ వాడే గుర్తు. అది మీకు పెట్టుబడి వరసలో వచ్చి ఉంటుంది. 5 ఎకరాల వరికి 1,25,000, 5 ఎకరాల వేరుశనగకు 1,50,000, వెరసి 2,75,000. చేతిలో ఇంకా 15,000 మిగిలే ఉంది. మిగిలి ఉన్నప్పుడు మరో లక్ష తెచ్చి పెట్టినా ఒరిగేదేమీ లేదు, అందుకే డబ్బుకు షాడో ప్రైస్ సున్నా. ఈ సున్నాను గుర్తుపెట్టుకోండి, కౌలు దగ్గర దీనితో పని పడుతుంది.

ఇక పుట్టి సంగతి. మీ రిపోర్టులో వరి ఎదురుగా అలవబుల్ ఇంక్రీజ్ 12,000, అలవబుల్ డిక్రీజ్ 6,000 ఉండాలి. అంటే ప్లాన్ మారకుండా ఎకరా మిగులు ఎంత పెరగొచ్చు, ఎంత తగ్గొచ్చు అన్న హద్దులు. వేరుశనగకు రెండు వైపులా 6,000. ఇంకెవరికైనా ఆ గళ్ళు అసలు కనపడకపోతే, సాల్వర్‌లో పద్ధతి అడిగిన చోట సింప్లెక్స్ ఎల్‌పీ పెట్టలేదన్నమాట. జీఆర్‌జీ నాన్‌లీనియర్ అనే వేరే పద్ధతి మీద వదిలేస్తే హద్దులు ఇవ్వదు.

ఈ 6,000, 12,000 ఎక్కడినుంచి వచ్చాయో చేత్తోనే చూడొచ్చు. భూమి అంతా వాడుకలో ఉంది కనుక, ఎకరం వరి తీసి వేరుశనగ వేస్తే 24,000 పోయి 18,000 వస్తుంది. వరి మిగులు 18,000కు దిగితే ఆ మార్పిడిలో నష్టమూ లేదు, లాభమూ లేదు. ఇంకా దిగితే మార్చుకోవడమే మేలు. పై హద్దును నీళ్ళు చెబుతాయి. ఎకరం వరి తాగే నీళ్ళు రెండెకరాల వేరుశనగకు సరిపోతాయి. కాబట్టి వరి మిగులు రెండెకరాల వేరుశనగ మిగులును, అంటే 36,000ను దాటితేనే వేరుశనగను పూర్తిగా వదిలేసి నీళ్ళన్నీ వరికి పెట్టాలి. 18,000కూ 36,000కూ మధ్య వరి ఎక్కడున్నా మీ 5, 5 కదలదు.

దీన్ని నాన్నగారికి ఎకరా మిగులు లెక్కలో చెప్పకండి. ఆయన మనసులో పుట్టి ఉంటుంది. మన జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు. మీకు ఎకరాకు 3 పుట్లు పండుతాయనుకుంటే, 6,000ను 3తో భాగిస్తే పుట్టికి 2,000. ఆయన పెన్సిలుతో రాసిన అంకె అదే! అది చూసి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. నలభై పంటలు చూసిన మనిషికి, ఎక్కడ వరి వదిలి వేరుశనగకు పోవాలో సాల్వర్ లేకుండానే ఒక అంచనా ఉంటుంది. సరిగ్గా 2,000 తగ్గిన చోట మీ 5, 5 వేసినా, వరి 2, వేరుశనగ 8 వేసినా 1,80,000 మిగులుతుంది. అంతకన్నా తగ్గితే రెండోది మెరుగు. ఆ 2, 8 అనేది కూడా డబ్బు వల్లే అక్కడ ఆగింది, 10 ఎకరాలూ నింపాలంటే 2,90,000తో 8 ఎకరాలకు మించి వేరుశనగ వేయలేరు.

ఒక్క మాట స్పష్టంగా చెప్పండి. పుట్టికి 1,500 తగ్గినా వేయాల్సిన పంటలు మారవు, వచ్చే డబ్బు మాత్రం 22,500 తగ్గుతుంది. "ప్లాన్ మారదు" అంటే "ఏం కాదు" అని ఆయన వినకూడదు. పంటయ్యాక ఆ మాట మీ ఇద్దరి మధ్య మిగిలిపోతుంది.

రేటు మారినప్పుడల్లా లెక్క వేయాలా అన్నారు. ఒక్క రేటు మారితే అక్కర్లేదు, హద్దు చూస్తే చాలు. రెండూ ఒకేసారి మారితే నూరు శాతం సూత్రం ఉంది. ప్రతి మార్పు తన హద్దులో ఎంత శాతం తినేసిందో కలపండి. 100 దాటకపోతే ప్లాన్ నిలుస్తుంది. వరి 3,000 తగ్గి (6,000లో 50 శాతం), వేరుశనగ 2,000 పెరిగితే (33 శాతం) మొత్తం 83, భయం లేదు. వరి 4,000 తగ్గి, వేరుశనగ 3,000 పెరిగితే 117. నిజంగానే ఇక్కడ ప్లాన్ మారిపోతుంది. అయితే 100 దాటిన ప్రతిసారీ మారాలని లేదు. వరి 5,000, వేరుశనగ 4,000 రెండూ పడిపోతే శాతాలు 150 అవుతాయి, కానీ రెండూ కలిసే పడ్డాయి కనుక ప్లాన్ అలాగే ఉంటుంది. 100 దాటితే మళ్ళీ సాల్వర్ నొక్కమని మాత్రమే దాని అర్థం.

బోరు విషయానికొస్తే, ఇక్కడే చాలామంది పొరపడతారు. రేటు హద్దులో ఉంటే ఎకరాలు మారవు, డబ్బు మారుతుంది. నీళ్ళు తమ హద్దులోనే తగ్గినా పెరిగినా ఎకరాలు మారుతాయి, గంట విలువ మాత్రం మారదు. నీళ్ళ షాడో ప్రైస్ మీకు గంటకు 50 రూపాయలు వచ్చి ఉంటుంది. అది చెల్లేది 1,440 గంటల నుంచి 2,400 గంటల వరకే. 300 గంటలు తగ్గి 1,500 మిగిలితే నష్టం 15,000. కానీ అప్పుడు వేయాల్సింది వరి రెండున్నర, వేరుశనగ ఏడున్నర. 50 మారలేదు కదా అని 5, 5 అలాగే వేస్తే కయ్యలు ఎండిపోతాయి.

ఒక బోరు పూర్తిగా పోతే? 900 గంటలు పోతాయి. 900ను 50తో గుణించి 45,000 నష్టమని నాన్నగారికి చెబితే తప్పు చెప్పినట్టే. 1,440 దిగాక గంట విలువ 64 రూపాయలు దాటుతుంది. 1,160 దగ్గర వరి మొత్తం ఎగిరిపోతుంది. ఆ కింద ఒక్కో గంట 150 రూపాయలు. అలా అన్నీ కలిపితే నష్టం 75,000. చివరికి ఏడున్నర ఎకరాల వేరుశనగ, రెండున్నర ఎకరాల బీడు మిగులుతాయి. ఉన్న కొద్దీ చవక, లేని కొద్దీ ప్రియం. ఎండాకాలంలో బిందె నీళ్ళ కోసం నిలబడ్డ ఇంట్లో ఎవరికైనా తెలిసిన సంగతే. రిపోర్టు దాన్ని అంకెల్లో పెట్టింది, అంతే.

పక్క బోరాయన 70 రూపాయల నీళ్ళు ఇప్పుడు వద్దనండి. మీకు గంట 50కే పనికొస్తుంది. అయితే ఈ వద్దనడం విత్తనం వేయకముందు మాటే. 5 ఎకరాలు నాటేశాక, వెన్ను తీసే వేళకు బోరు ఆగిందనుకోండి. అప్పుడు దమ్ముకు, నాట్లకు, ఎరువుకు పెట్టిన డబ్బు ఎలాగూ వెనక్కి రాదు. 10 గంటల నీళ్ళు ఎకరం పంటను నిలబెడితే ఆ నీళ్ళ విలువ దాదాపు పంట విలువంత. షాడో ప్రైస్ అనేది ఆ మోడల్‌లో, ఆ రోజు, ఇంకా చేతిలో ఉన్న నిర్ణయాలకే చెల్లుతుంది. మార్చిలో రిపోర్టు తీసి "50 కన్నా ఎక్కువ ఇవ్వొద్దు నాన్నా" అనకండి. ఇప్పుడే ఆ బోరాయనతో స్నేహంగా మాట్లాడి, అవసరమైతే ఇస్తారా అని అడిగి ఉంచుకోండి.

కౌలు దగ్గర నాన్నగారు ఒప్పుకోకపోవడం మీ అదృష్టం. 12,000 విలువైన భూమి 10,000కు వస్తోంది, ఎకరాకు 2,000 లాభమని మీరు లెక్క కట్టారు. కానీ ఆ 12,000 పక్కనే అలవబుల్ ఇంక్రీజ్ చూడండి. 0.43 ఉంటుంది. 43 సెంట్లు! 10 ఎకరాల 43 సెంట్ల వరకే ఎకరాకు 12,000. ఆ పైన సున్నా. ఎందుకంటారా? భూమి పెరిగితే నీళ్ళు పెరగవు కనుక వరి తగ్గించి వేరుశనగ పెంచాలి. వేరుశనగకు డబ్బెక్కువ కావాలి. ఇందాక సున్నా అని పక్కన పెట్టామే, ఆ డబ్బు 43 సెంట్ల దగ్గర అయిపోతుంది. 12 ఎకరాలు చేతిలో ఉన్నా ఒకటిన్నర ఎకరం పైన ఖాళీగా పడి ఉంటుంది. మీకు అదనంగా వచ్చేది సుమారు 5,140 రూపాయలు, కట్టాల్సిన కౌలు 20,000.

అప్పు తెచ్చి 12 ఎకరాలూ సాగు చేస్తే? వరి 3, వేరుశనగ 9 ఎకరాలు వేయాలి, పెట్టుబడి 3,45,000. అంటే 55,000 అప్పు. మిగులు 2,34,000, పాతదానికన్నా 24,000 ఎక్కువ. కౌలు 20,000 పోతే 4,000. మన ఊళ్ళలో నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలు తెస్తే వడ్డీయే 6,600. చేతి డబ్బు పోతుంది. బ్యాంకులో పంట రుణం 7 శాతానికి దొరికితే వడ్డీ 1,925, అప్పుడు రెండు వేల చిల్లర మిగులుతుంది. రెండెకరాల చాకిరీకి రెండు వేలు! మా తమ్ముడు ఒక ఏడాది ఇలాగే మూడెకరాలు అదనంగా కౌలుకు పట్టాడు. పైపాటు ఎరువు వేసే నాటికి డబ్బు చాలక, ఉన్న యూరియానే అన్ని ఎకరాలకూ సగం సగం చల్లాడు. సొంత పొలం దిగుబడి కూడా ఆ ఏడాది పడిపోయింది. అప్పటికి నేను ఈ పాఠం చెబుతూనే ఉన్నాను, కాని వాడికి ఆ హద్దుల గడి చూపించాలని నాకు తట్టలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ షాడో ప్రైస్ ఊహ కొత్తదేమీ కాదు. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో కంటొరొవిచ్ అనే గణితవేత్త, ప్లైవుడ్ తయారీలో ఏ యంత్రానికి ఏ పని ఇవ్వాలన్న సమస్య పట్టుకుని, ప్రతి పరిమితికీ ఒక గుణకం కట్టే పద్ధతి కనిపెట్టాడు. 1947లో అమెరికాలో డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి తెచ్చాడు. మీ సాల్వర్ లోపల నడిచేది దాని సంతతే. కంటొరొవిచ్‌కు 1975లో కూప్‌మన్స్‌తో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మూడో ప్రశ్నకు మీ రిపోర్టులో జవాబు లేదు. మినుములు మీరు షీటులో రాయనే లేదు కదా. మీ వైపు ఎకరా మినుముకు 40 గంటల నీళ్ళు, 12,000 పెట్టుబడి, 11,000 మిగులు అనుకుందాం. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటే అవే పెట్టండి. ఆ ఎకరం వాడుకునే భూమి విలువ 12,000, 40 గంటల నీళ్ళ విలువ 2,000, మొత్తం 14,000. తెచ్చేది 11,000. అంటే ఎకరం మినుము వేసినందుకు 3,000 వదులుకోవాలి. సాల్వర్‌లో మూడో పంటగా చేర్చితే మినుము సున్నా ఎకరాలనీ, రెడ్యూస్డ్ కాస్ట్ మైనస్ 3,000 అనీ చూపిస్తుంది. ఇది చూసి గెలిచాననుకోకండి. అదే రిపోర్టులో వేరుశనగ వరస చూడండి. ఇంతకుముందు 6,000 తగ్గినా ఫర్వాలేదన్న వేరుశనగ, ఇప్పుడు 1,800 తగ్గితేనే ప్లాన్ మారుతుందంటుంది. వరి పై హద్దు కూడా 12,000 నుంచి 4,500కు ముడుచుకుపోతుంది. మీరు పోటీకి దించిన పంటలతో పోల్చే సాల్వర్ హద్దులు చెబుతుంది. రాయని పంట సంగతి దానికి తెలియదు. వేరుశనగ ఎకరాకు 10 క్వింటాళ్ళనుకుంటే క్వింటాలుకు 180 రూపాయలు పడితే చాలు, మినుము లోపలికొస్తుంది. ఆ మాత్రం ఒక్క వారంలో పడ్డ సంవత్సరాలు మీ నాన్నగారు చూసే ఉంటారు.

బోరు పోయిన లెక్కను మినుముతో మళ్ళీ వేశాను. 900 గంటలే మిగిలితే వేరుశనగ ఆరుంపావు, మినుము మూడు ముప్పావు ఎకరాలు, మిగులు 1,53,750. మినుము లేకుండా 1,35,000. బీడు పడే చెక్కలో మినుము 18,750 తెచ్చిపెట్టింది. ఆయన రెండో ప్రశ్న, మూడో ప్రశ్న ఒకదాని వెంట ఒకటి ఎందుకు రాశారో నాకిక్కడ అర్థమైంది. పైగా మినుము నేలలో నత్రజని నిలుపుతుంది, వచ్చే కారు పంటకు యూరియా కొంత తగ్గుతుంది. ఇంట్లో గారెలకు, సున్నుండలకు కొనే పప్పు తగ్గుతుంది. ఇవి మీ 11,000లో లేవు. వాటికి విలువ కట్టి చూడండి. ఎకరాకు 3,000 దాటితే మినుము సాల్వర్ లెక్కలో కూడా నెగ్గుతుంది. దాటకపోయినా, బోరు మీద భయం ఉన్న ఏడాది 3,000 పెట్టి ఒక ఎకరం వేయడం తెలివైన ఖర్చేనని నా ఉద్దేశం. కౌలు లెక్కను కూడా మినుముతో చూశాను. సొంత డబ్బుతోనే 12 ఎకరాలకు అదనంగా వచ్చేది 16,000 చిల్లర, 20,000 కౌలుకు ఇంకా చాలదు.

నార్లు పోసే లోపు ఒక కొత్త కాగితం తీసుకోండి. వరి పుట్టికి ఎంత దాకా, వేరుశనగ క్వింటాలుకు ఎంత దాకా, నీళ్ళు ఎన్ని గంటల దాకా అన్నవి మాత్రమే పెద్ద అక్షరాలతో రాయండి. ఎకరా మిగులు, షాడో ప్రైస్ లాంటి మాటలు అందులో వద్దు. పెన్సిలు నాన్నగారి చేతికే ఇవ్వండి.

ఒక్క సందేహం మిగిలింది. 1,800 గంటలన్నారు, 9 గంటలూ రెండు బోర్లూ ఆగకుండా పోస్తాయని లెక్క. సంక్రాంతి దాటాక కూడా అలాగే పోస్తాయా, లేక గంటసేపు పోసి గాలి తన్నుతాయా? అది నాన్నగారిని అడిగి, నిజంగా నీళ్ళు వచ్చే గంటలే వేసి మళ్ళీ నడపండి. 1,440 కిందకు వస్తే నేను పైన చెప్పిన 50 రూపాయలు, 12,000 రెండూ చెల్లవు. ఆ రిపోర్టు పంపండి, మళ్ళీ కూర్చుని చూద్దాం.